రాత పీరియడ్‌లో అందరి పెన్నులూ కదలాలంటే

బోర్డు మీద అంశం రాసి ‘ఇక రాయండి’ అని కూర్చుంటే దాదాపు ప్రతి తరగతిలోనూ ఒకటే జరుగుతుంది. ముందు బెంచీల్లో నలుగురైదుగురు గబగబా మొదలుపెడతారు. మధ్యలో కూర్చున్నవాళ్లు తేదీ వేసి, శీర్షిక రాసి, దాని కింద రెండు గీతలు గీసి, ఆ గీతల్నే మళ్లీ దిద్దుతారు. వెనకవాళ్లు పక్కవాళ్ల నోటుబుక్కులోకి చూస్తారు. పావుగంట గడిచాక చాలామంది దగ్గర ఒక్క వాక్యం ఉంటుంది, అదీ అంశాన్నే అటూ ఇటూ తిప్పి రాసిన వాక్యం. ఇది చూసి పిల్లలకి రాయడమంటే ఆసక్తి లేదనుకుంటాం. అంతకన్నా ముందు, పని ఎలా ఇచ్చామో చూసుకోవాలి.

రాసేటప్పుడు మూడు పనులు ఒకేసారి చేయాల్సి వస్తుంది. ఏం చెప్పాలో వెతుక్కోవాలి, దాన్ని మాటల్లో పెట్టాలి, పెట్టింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. రాసేవాళ్ల బుర్రలో ఏం జరుగుతుందో పరిశీలించిన లిండా ఫ్లవర్, జాన్ హేస్ ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటిగా కాక, ఒకదానిలోకి ఒకటి చొరబడుతూ సాగుతాయని 1981లో వివరించారు. చేయి తిరిగినవాళ్లు మూడింటి మధ్యా తేలిగ్గా తిరుగుతారు. కొత్తగా రాసేవాళ్ల విషయంలో మూడోది మొదటిదాని గొంతు నొక్కేస్తుంది. మొదటి మాట కాగితం మీద పడకముందే అందులో తప్పుందేమోనన్న భయం పట్టుకుంటుంది. పైగా, రాసింది చదివేది ఒక్కరే. ఆ ఒక్కరూ తప్పులు వెతకడానికే చదువుతారని పిల్లలకి తెలుసు. అందుకే మనం చేయాల్సిన పనులు ముఖ్యంగా రెండు: రాతని విడదీసి, ఒకసారికి ఒక్క పనే ఇవ్వడం, రాసినదానికి నిజంగా చదివే మనిషిని చూపించడం. ఈ కింద చెప్పినవన్నీ ఆ రెండింటి కోసమే.

మొదటి ఐదు నిమిషాలు

పీరియడ్ మొదలవగానే ఐదు నిమిషాలు ఆపకుండా రాయించండి. పదేళ్ల లోపు పిల్లలైతే మూడు నిమిషాలు చాలు. పెన్ను ఆగకూడదు. కొట్టివేతలు ఉండకూడదు. అక్షరదోషాలు పట్టించుకోకూడదు. ఏమీ తోచకపోతే ఇంకేదైనా తోచేదాకా ‘ఏం రాయాలో తోచట్లేదు’ అనే రాస్తూ పోవాలి. ఈ కాగితాలు మీరు తీసుకోరు, దిద్దరు, చదివి వినిపించమని అడగరు. ఈ సంగతి మొదటిరోజే చెప్పండి. చెప్పాక ఒక్కసారి కూడా మాట తప్పకండి. ఎంత బాగా రాసినవాళ్లదైనా సరే, ఒక్కరి పేజీ లాక్కుని అందరికీ చదివి వినిపించారంటే మర్నాటి నుంచి అందరూ మీకోసమే రాస్తారు, ఇక ఆ ఐదు నిమిషాల వల్ల ఉపయోగం ఉండదు.

ఆ సమయంలో మీరూ కూర్చుని రాయండి. వరసల మధ్య తిరుగుతూ భుజాల మీదుగా తొంగిచూస్తే పెన్నులు ఆగిపోతాయి. మొదటి మూడు నాలుగు సార్లు నవ్వులు, గుసగుసలు తప్పవు. ఓపిక పట్టండి. సమయం అయ్యాక ఎన్ని పంక్తులు రాశారో ఎవరికి వాళ్లు మార్జిన్‌లో అంకె వేసుకోవాలి. అది ఇంకొకరికి చూపించడానికి కాదు, తన నిన్నటి అంకెతో తను పోల్చుకోవడానికి. ఎక్కువ పంక్తులు రాసినవాళ్లని మెచ్చుకోవడం మొదలుపెట్టారంటే పెద్ద పెద్ద అక్షరాలతో పేజీ నింపేస్తారు, కాబట్టి ఆ అంకె గురించి మీరు నోరెత్తకండి.

వారానికి ఒకసారి ఈ పేజీలు వెనక్కి తిప్పించి, ఇంకా చెప్పాలనిపిస్తున్న ఒక్క వాక్యం కింద గీత గీయమనండి. తర్వాత రాయబోయే పెద్ద రచన అక్కణ్నుంచి మొదలవుతుంది. ‘నాకు రాయడానికేమీ లేదు’ అనే పిల్లలకి తమ చేతిరాతలోనే సరుకు కనిపిస్తుంది. ఈ రాతని పది నిమిషాలకి పెంచాలనే ఉబలాటం మీకు రావచ్చు. చిన్న తరగతుల్లో పెంచకండి. చేయి నొప్పెడుతుంది, మనసు వేరే దారి పడుతుంది. అల్లరికి శిక్షగా దీన్ని వాడటం అసలే వద్దు.

అంశం ఎలా ఇవ్వాలి

అంశం చెప్పగానే తరగతిలో నలభై మందీ ఒకే జవాబు రాయగలిగితే అది మంచి అంశం కాదు. ‘చెట్ల వల్ల ఉపయోగాలు’ అంటే అందరూ నీడ, గాలి, పండ్లు, కలప అని రాస్తారు. వాళ్ల తప్పేం లేదు, మనం అడిగిందే అది. అందులో ఎవరికి చెప్పాలో లేదు, ఎందుకు చెప్పాలో లేదు.

దాన్నే ఇలా మార్చి చూడండి: ‘బడి ఆవరణలో ఉన్న పెద్ద చెట్టుని కొట్టేసి అక్కడ సైకిళ్ల షెడ్డు వేద్దామనుకుంటున్నారు. కొట్టాలో వద్దో మీరు ఏదో ఒకటి తేల్చుకుని, ప్రధానోపాధ్యాయులకి పది పన్నెండు వాక్యాల్లో ఉత్తరం రాయండి. ఆ చెట్టు దగ్గర మీరు కళ్లారా చూసిన విషయం కనీసం ఒకటి ఉండాలి. అవతలివాళ్ల వాదన ఒకటి చెప్పి, దానికి జవాబివ్వాలి.’ ఇందులో చదివే మనిషి ఉన్నారు, రాయడానికి కారణం ఉంది, నిడివి తెలుసు, తప్పనిసరిగా ఉండాల్సినవి రెండున్నాయి. షెడ్డు కావాలనేవాళ్లు కూడా నాలుగు వాక్యాలు పట్టుదలగా రాస్తారు. ‘బాగా రాయండి’ అనే మాట కన్నా ‘అవతలివాళ్ల వాదన ఒకటి చెప్పండి’ అనే మాట పిల్లలకి ఎక్కువ సాయపడుతుంది. ఏం చేస్తే పని పూర్తయినట్టో దాన్నిబట్టి వాళ్లకే తెలుస్తుంది.

‘మీకు నచ్చింది రాయండి’ అని వదిలేయడం స్వేచ్ఛలా కనిపిస్తుంది గానీ, సగం తరగతిని బిగుసుకుపోయేలా చేస్తుంది. రెండో మూడో అంశాలిచ్చి, వాటిలో ఎంచుకోమనండి. నాలుగోదిగా ‘నీ సొంత అంశం, కానీ ముందు నాకు ఒక్క వాక్యంలో చెప్పు’ అని ఉంచండి. కొత్త అంశం ఏదైనా సరే, తరగతికి ఇచ్చే ముందు మీరే పది నిమిషాలు దాని మీద రాయండి. మీకే నాలుగో వాక్యానికి సరుకు అయిపోతే పిల్లలకి ఇంకా ముందే అయిపోతుంది.

రాయడానికి ముందు మాట్లాడించాలి

కాగితం తీయకముందు జంటగా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ రెండేసి నిమిషాలు మాట్లాడనివ్వండి. మొదటి నిమిషం ఎవరికి వారే ఆలోచించుకోవడం, తర్వాత పక్కవాళ్లకి చెప్పడం, ఆ తర్వాతే అందరి ముందూ పంచుకోవడం: ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి రాత తరగతికి చక్కగా సరిపోతుంది. వినేవాళ్ల పని ఒక్కటే, అర్థం కాని చోట ‘అంటే?’ అని అడగడం. మాట్లాడటం అయ్యాక, కాగితం మీద పెట్టబోయే మొదటి వాక్యాన్ని జంటలో గట్టిగా చెప్పుకోవాలి, వెంటనే రాసేయాలి. పెదవుల మీదికి వచ్చిన వాక్యం రాయడం, ఖాళీ కాగితం చూస్తూ వాక్యం పుట్టించడం కన్నా ఎంతో తేలిక.

అందరినీ ఉద్దేశించి ప్రశ్న వేసినప్పుడు ఆగడం నేర్చుకోవాలి. మేరీ బడ్ రో 1970లలో తరగతుల్ని పరిశీలిస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను పాటే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా చెప్పడం మొదలుపెట్టారు. మూడు సెకన్ల నిశ్శబ్దం తరగతి ముందు నిలబడినవాళ్లకి చాలా పొడుగ్గా అనిపిస్తుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి.

నలభై ఐదు నిమిషాల్ని ఎలా పంచాలి

ఆపకుండా రాసే ఐదు నిమిషాలు పోగా, ఒక చిన్న పాఠానికి ఎనిమిది నిమిషాలు, పిల్లలు రాయడానికి ఇరవై, జట్లలో చదువుకోవడానికి ఏడు, చివర్లో ఇద్దరు ముగ్గురు అందరికీ వినిపించడానికి ఐదు. జంటల్లో మాట్లాడించే రోజున జట్టు చదువు మానేయండి. దేన్ని కుదించినా ఆ ఇరవై నిమిషాల్ని మాత్రం కుదించకండి. మంచి వ్యాసం ఎలా ఉండాలో అరగంట చెప్పి ‘మిగతాది ఇంటి దగ్గర రాసుకురండి’ అనడం చాలాచోట్ల జరిగేదే. అలా చేస్తే అసలు కష్టం వచ్చే చోట పిల్లలు ఒంటరిగా మిగులుతారు, ఆ రాత ఇంట్లో పెద్దవాళ్లో, ఫోనో రాసిపెట్టింది కావచ్చు కూడా. పిల్లలు తడబడే క్షణంలో మీరు పక్కన ఉండాలంటే వాళ్లు తరగతిలోనే రాయాలి.

చిన్న పాఠం అంటే నిజంగా చిన్నదే. ఆ రోజుకి ఒక్క విషయం: సంభాషణ ఎలా రాయాలి, పేరా ఎక్కడ విడగొట్టాలి, ‘చాలా బాధేసింది’ అనకుండా బాధ కనిపించేలా ఎలా చేయాలి. చెప్పడం కన్నా చేసి చూపించడం మేలు. బోర్డు మీద అప్పటికప్పుడు ఒక పేరా రాయండి, రాస్తూ మీ ఆలోచన పైకి చెప్పండి: ‘ఇక్కడ మెట్ల గురించి చెప్దామనుకున్నా... కానీ చదివేవాళ్లకి ఇల్లెలా ఉంటుందో ఇంకా తెలీదు కదా, ముందది చెప్పాలి.’ రాసింది కొట్టేయండి, బాణం గీసి పైకి జరపండి. ఇంటి దగ్గర తయారుచేసుకొచ్చిన శుభ్రమైన పేరా ఎక్కించడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. మంచి రాత ఒక్కసారిగా అలాగే పుడుతుందని పిల్లలు అనుకుంటారు. కొట్టివేతల్ని వాళ్ల కళ్లెదుటే చూపిస్తే ఆ భ్రమ పోతుంది.

ఇరవై నిమిషాల్లో మొదటి ఐదు మీరు కదలకండి, అందరూ కుదురుకోనివ్వండి. తర్వాత ఒక్కొక్కరి పక్కన కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడండి. నిలబడి మాట్లాడితే విచారణలా ఉంటుంది. రోజుకి ఆరేడుగురు అనుకుంటే నలభై మంది తరగతి ఆరు పీరియడ్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. ఎవరితో ఎప్పుడు మాట్లాడారో, ఏం చెప్పారో పట్టికలో ఒక ముక్క రాసుకోండి, లేకపోతే చురుగ్గా ఉన్నవాళ్ల దగ్గరికే నాలుగుసార్లు వెళ్లి, మౌనంగా ఉన్నవాళ్ల దగ్గరికి ఒక్కసారీ వెళ్లరు. ప్రశ్నలు ఎప్పుడూ ఒకేలా ఉండొచ్చు: ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చావు? ఎక్కడ ఆగిపోయావు? నువ్వు చెప్పాలనుకున్నది ఏమిటో నోటితో చెప్పు. చివరిదానికి వాళ్లు గడగడా చెప్పేస్తారు. ‘ఇప్పుడు చెప్పావే, అదే రాయి’ అని లేచి వచ్చేయండి. వాళ్ల చేతిలోంచి పెన్ను మాత్రం తీసుకోకండి. మీరు ఒక్క వాక్యం రాసిపెట్టినా ఆ రచన అక్కణ్నుంచి మీది అయిపోతుంది.

వాక్యాలు కలిపే పని

వ్యాకరణం విడిగా నేర్పితే రాత బాగుపడుతుందా అన్నది పాత చర్చ. స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ 2007లో 4 నుంచి 12 తరగతుల మీద జరిగిన పరిశోధనల్ని ఒకచోట చేర్చి లెక్క కట్టారు. రాసే వ్యూహాల్ని విడమరిచి నేర్పితే రాత నాణ్యత మీద ప్రభావం 0.82 (సున్నా అంటే తేడా ఏమీ లేనట్టు, అంకె పెరిగేకొద్దీ మేలు ఎక్కువ). పిల్లలు ఒకరికొకరు సాయపడుతూ రాస్తే 0.75. స్పష్టమైన లక్ష్యం ముందే ఇస్తే 0.70. వాక్యాలు కలిపే అభ్యాసానికి 0.50. వ్యాకరణ సూత్రాల్ని విడిగా బోధించడానికి మాత్రం సున్నా కన్నా కిందికి, మైనస్ 0.32 వచ్చింది. అంటే వ్యాకరణం అక్కర్లేదని కాదు. దాన్ని వాక్యం తయారుచేస్తూ నేర్చుకోవాలి.

ఎలాగో చూడండి. బోర్డు మీద నాలుగు పొట్టి వాక్యాలు రాయండి:

వాన మొదలైంది. మైదానం తడిసింది. ఆట ఆగిపోయింది. పిల్లలు వరండాలోకి పరుగెత్తారు.

వీటిని ఒకటి లేదా రెండు వాక్యాలుగా కలపమనండి. ఆరు నిమిషాలివ్వండి. ఒక్కొక్కరూ కనీసం రెండు రకాలుగా కలపాలి. ఇలాంటివి వస్తాయి:

వాన మొదలై మైదానం తడవడంతో ఆట ఆగిపోయి, పిల్లలు వరండాలోకి పరుగెత్తారు.

పిల్లల్ని వరండాలోకి పరుగెత్తించిన వానకి మైదానం తడిసి, ఆట ఆగిపోయింది.

ఆట ఆగిపోయింది. వాన మొదలై మైదానం తడిసేసరికి పిల్లలు వరండాలోకి పరుగెత్తారు.

ఏది ఒప్పో అడక్కండి, మూడూ ఒప్పే. ‘ఏది చదివితే ఆట ఆగిపోయిందన్న బాధ ఎక్కువ తెలుస్తోంది?’ అని అడగండి. తెలుగు వాక్యంలో బరువు చివరి క్రియ మీద పడుతుందని పిల్లలే కనిపెడతారు. మొదటి వాక్యంలో కంటికి కనిపించేది పరుగు, రెండోదాంట్లో ఆగిన ఆట. మూడోది ముందే దెబ్బ కొట్టి, తర్వాత కారణం చెబుతుంది. ఇక దేన్ని ఎక్కడ వాడాలో వాళ్లే ఆలోచించుకుంటారు.

ఈ అభ్యాసంలో తరచుగా వచ్చే తప్పు ఒకటుంది. ‘నేను బడికి వెళ్లి వాన మొదలైంది’ అని రాస్తారు. ‘వెళ్లి’, ‘చూసి’, ‘తిని’ లాంటి రూపాలకీ చివరి క్రియకీ మామూలుగా కర్త ఒకరే ఉండాలి. వెళ్లింది నేను, మొదలైంది వాన, అందుకే వాక్యం అతకలేదు. ‘నేను బడికి వెళ్లేసరికి వాన మొదలైంది’ అంటే సరిపోతుంది. మరి ‘వాన పడి మైదానం తడిసింది’ ఎలా కుదిరింది అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. పడటం వల్లే తడిసింది కాబట్టి. మొదటిది రెండోదానికి కారణమైనప్పుడు కర్తలు వేరైనా చెవికి బాగానే ఉంటుంది. ఈ సంగతి సూత్రంగా ముందే చెబితే అరగంటలో మరిచిపోతారు. తమ వాక్యం అతకనప్పుడు తెలుసుకున్నది గుర్తుంటుంది.

వారానికి రెండుసార్లు చాలు. వాక్యాలు ఎంత పొడుగైతే అంత గొప్ప అనే పోటీ మొదలైతే, తిరగేసి ఒక పొడుగాటి వాక్యాన్ని ముక్కలు చేయమనండి.

ఒకరిది ఒకరు చదవడం

నోటుబుక్కులు మార్చుకుని చదవమంటే రెండే మాటలు వస్తాయి: ‘బాగుంది’, ‘అక్షరదోషాలున్నాయి’. కాబట్టి నోటుబుక్కు చేతులు మారకూడదు. ముగ్గురేసి జట్టుగా కూర్చుని, రాసినవాళ్లు పైకి చదవాలి, ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి వినేవాళ్లు ఊరికే వింటారు. రెండోసారి కాగితం మీద రెండు ముక్కలు రాసుకుంటారు: మనసులో నిలిచిన మాట ఏది, ఇంకా తెలుసుకోవాలనిపించింది ఏది. మొదటిదాన్ని రాసినవాళ్ల మాటల్లోనే, ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. రెండోదాన్ని ప్రశ్నగా అడగాలి. రాసినవాళ్లు వెంటనే సంజాయిషీ చెప్పకూడదు, ప్రశ్నని మార్జిన్‌లో రాసుకోవాలి. ఒక్కొక్కరికీ నాలుగు నిమిషాలు పడుతుంది. ఏడు నిమిషాల్లో ముగ్గురివీ కావు, ఒకరిద్దరివి అవుతాయి. మిగిలినవాళ్లకి మర్నాడు.

కంటికి కనిపించని అక్షరదోషాన్ని చెవి పట్టుకోదు. అందుకే పైకి చదివించడం వల్ల మాట విషయం మీదే ఉంటుంది. చదువుతూ చదువుతూ రాసినవాళ్లే నాలుక మడతపడ్డ చోట ఆగి దిద్దుకుంటారు, ఇది అదనపు లాభం. జట్టులో బాగా రాసేవాళ్లు పెత్తనం చేస్తుంటే, మొదట మాట్లాడే వంతు మిగతావాళ్లకి ఇవ్వండి. ప్రాణస్నేహితుల్ని ఒకే జట్టులో వేస్తే పొగడ్తలతో సమయం గడిచిపోతుంది. అలాగని ప్రతిసారీ జట్లు మారిస్తే నమ్మకం కుదరదు. నాలుగైదు వారాలు ఒకే జట్టు ఉంచి, తర్వాత మార్చండి. మొదటిసారి ఈ పద్ధతిని ముగ్గురు పిల్లలతో అందరి ముందూ చేయించి చూపించకపోతే, మీరెన్ని సూచనలిచ్చినా ఎవరికీ అర్థం కాదు.

మీరు రాసే వ్యాఖ్య

చెట్టు గురించి ఒక అమ్మాయి ఇలా రాసిందనుకుందాం:

మా బడిలో ఒక చెట్టు ఉంది. అది చాలా పెద్దది. చెట్లు మనకు నీడనిస్తాయి. గాలినిస్తాయి. మధ్యాహ్నం పూట ఎనిమిదో తరగతివాళ్లు దాని కింద కూర్చుంటారు, మమ్మల్ని రానివ్వరు. చెట్లను మనం కాపాడుకోవాలి.

‘ఇంకా వివరంగా రాయాలి. వాక్యాలు చిన్నవి. 5/10’ అని రాస్తే ఆ అమ్మాయి ఏం చేయగలదు? ‘వివరంగా’ అంటే నీడ, గాలి గురించి ఇంకో నాలుగు వాక్యాలు అనుకుంటుంది, నిజానికి తీసేయాల్సినవి అవే. ఇలా రాయండి: ‘మమ్మల్ని రానివ్వరు అన్న చోట నాకు ఆ చెట్టు కళ్ల ముందు కనిపించింది. వాళ్లు ఎలా ఆపుతారు? అప్పుడు మీరు ఎక్కడ కూర్చుంటారు? ఆ రెండూ రాసి చూపించు.’ ఈ పేరాలో ఇంకెవరూ రాయలేనిది ఆ ఒక్క వాక్యమే. దాన్ని వేలు పెట్టి చూపించారు, తర్వాత చేయాల్సిన పనిని ప్రశ్నగా ఇచ్చారు. జవాబు ఆ అమ్మాయికి తెలుసు కాబట్టి రాయగలదు. రెండో ప్రతికి ‘ఇందులో ఎవరైనా రాయగల వాక్యాలు ఏవి?’ అని అడిగితే నీడా గాలీ తామే రాలిపోతాయి.

ఒక ప్రతికి రెండు వ్యాఖ్యలు మించకండి: పనిచేస్తున్న చోటు ఒకటి, చేయాల్సిన పని ఒకటి. ఒక్కో నోటుబుక్కుకి మూడు నిమిషాలు పెట్టుకున్నా నలభై మందికి రెండు గంటలు. ఈ రెండు గంటలు చిత్తు ప్రతి మీద పెట్టండి, ఎందుకంటే పిల్లలు ఇంకా మార్చగలిగేది అదే. పూర్తయిన రచన మీద రాసిన సలహాని ఎవరూ రెండోసారి చూడరు.

చిత్తు ప్రతి మీద మార్కులు వేయకండి. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లల ఆసక్తి నిలిచింది, పని మెరుగుపడింది. మార్కులతో పాటు వ్యాఖ్యలు అందుకున్నవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. అంకె కనిపించగానే కళ్లు దాన్ని దాటి ముందుకి వెళ్లవు.

అక్షరదోషాల సంగతి చివరి ప్రతికి ముందు చూడండి. తప్పున్న పంక్తికి ఎదురుగా మార్జిన్‌లో ఒక చిన్న గీత పెట్టండి, అంతే. తప్పేదో చెప్పొద్దు, దిద్దొద్దు. రిచర్డ్ హాస్వెల్ 1983లో కళాశాల విద్యార్థులతో ఈ పని చేస్తే, వాళ్లు 60 శాతానికి పైగా తప్పుల్ని సొంతంగా పట్టుకుని దిద్దుకున్నారు. అంటే చాలా తప్పులు తెలియక కాదు, చూసుకోక వస్తాయి. వెతికినా దొరకనివి మాత్రమే మీరు నేర్పాల్సినవి, అవి కొన్నే ఉంటాయి. పేజీ నిండా ఎర్ర సిరా పోస్తే మీకు రాత్రంతా పని, వాళ్లకి నేర్చుకునే పని లేదు.

తిరగరాయించడం

నాన్సీ సొమ్మర్స్ 1980లో విద్యార్థుల్నీ, అనుభవం ఉన్న రచయితల్నీ పోల్చి చూస్తే, విద్యార్థులు తిరగరాయడమంటే మాటలు మార్చడమనుకుంటున్నారని తేలింది. అనుభవజ్ఞులు తమ వాదన ఆకారాన్నీ, చదివేవాళ్లనీ దృష్టిలో పెట్టుకుని మొత్తాన్ని మళ్లీ చూస్తున్నారు. మన తరగతుల్లో అయితే తిరగరాయడం ఇంకా దిగజారి, అదే వ్యాసాన్ని గుండ్రటి అక్షరాలతో ఎక్కించడంగా మిగులుతుంది. ‘మెరుగుపరచండి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. చేతితో చేయగల పని చెప్పండి. మొదటి పేరా కొట్టేసి రెండోదాని నుంచి మొదలుపెట్టి చదవండి, నష్టమేమైనా ఉందా? వంద మాటల పేరాని డెబ్బై మాటల్లోకి కుదించండి. ఎత్తుగడ మూడు రకాలుగా రాసి జట్టుకి వినిపించండి, ఏది ఎంచుకుంటారో చూడండి. పేరాల్ని కత్తెరతో కోసి బెంచీ మీద వేరే వరసలో పేర్చండి. ఇందుకోసం చిత్తు ప్రతిని మొదటి నుంచీ కాగితానికి ఒకవైపే, పంక్తి విడిచి పంక్తి రాయించాలి. చోటు లేని పేజీలో ఎవరూ మార్పులు చేయరు.

అన్ని రచనల్నీ ఇలా తిరగరాయించాల్సిన పని లేదు. నాలుగు చిత్తు ప్రతులు రాశాక, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా తీసుకెళ్లమనండి. ఏది ఎంచుకోవాలో ఆలోచించేటప్పుడే తమ రాతని తాము చదవడం మొదలవుతుంది.

రాయనివాళ్లు

అందరికీ ఒకే మందు పనిచేయదు. ఎందుకు రాయట్లేదో చూడాలి. ఒక్కో వాక్యం రాసి చెరిపేస్తుంటే, రబ్బరు పక్కన పెట్టించి ఒక్క గీతతో కొట్టేసి ముందుకి పోవడం నేర్పండి. రెండు పంక్తుల్లో ‘అయిపోయింది’ అనేవాళ్లని ఇంకా రాయమనకండి. వాళ్లు రాసిన రెండు పంక్తుల్లోంచే ఒక ప్రశ్న అడిగి, దానికి జవాబు రాయించండి, మళ్లీ ఇంకో ప్రశ్న. చక్కగా మాట్లాడి కాగితం ముందు మొద్దుబారిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లు చెబుతుంటే మొదటి మూడు వాక్యాలు పక్కవాళ్లు రాసిపెట్టి, నాలుగోది వాళ్లని రాయమనడం సాయపడుతుంది. చేయి త్వరగా అలసిపోతున్నా, అక్షరాలు తారుమారవుతున్నా అది బద్ధకం అనుకోకండి. చూపు సమస్యో, చదవడంలో ఇబ్బందో ఉండొచ్చు, ఇంట్లోవాళ్లతో మాట్లాడి పరీక్ష చేయించాలి. ఈలోగా ఎక్కువ సమయమివ్వండి, టైప్ చేసే వీలుంటే చేయనివ్వండి.

మరికొందరికి భయం భాష గురించే. ఇంట్లో మాట్లాడే మాటలు పుస్తకంలో ఉండవు కాబట్టి తమ మాటే తప్పనుకుంటారు. చిత్తు ప్రతి ఇంటి మాటల్లోనే రాయమనండి. చివరి ప్రతిలో ఎవరు చదువుతారో చూసుకుని కావాల్సినవి మార్చుకోవచ్చు, పాత్రలు మాట్లాడే చోట అసలు మార్చక్కర్లేదు. ‘అలా అనకూడదు’ అని ఒక్కసారి అందరి ముందూ దిద్దితే చాలు, ఆ నోరు నెలరోజులు మూతపడుతుంది.

చదివేవాళ్లని తీసుకురావడం

ఏడాదికి కనీసం రెండు మూడు రచనలు తరగతి గోడలు దాటి వెళ్లాలి. పై తరగతి పిల్లలు కింది తరగతివాళ్లకి కథలు రాసి చదివి వినిపించొచ్చు. అందరి నుంచీ ఒక్కో పేజీ తీసుకుని కుట్టించి గ్రంథాలయంలో పెట్టొచ్చు. అలా పెట్టేటప్పుడు చివర్న రెండు ఖాళీ పేజీలు ఉంచండి, చదివినవాళ్లు పేరు రాసి ఒక్క వాక్యం రాయడానికి. గోడ మీద అతికిస్తే బాగా రాసిన ఐదుగురివే కాకుండా అందరివీ అతికించండి, నచ్చని రచనని వెనక్కి తీసుకుని వేరేది పెట్టుకునే హక్కు రాసినవాళ్లకి ఇవ్వండి.

అన్నిటికన్నా బలంగా పనిచేసేది నిజమైన ఉత్తరం. తాగునీటి కుళాయి పాడైంది, గ్రంథాలయం మధ్యాహ్నం మూసేస్తున్నారు, రోడ్డు దాటే చోట గీతలు లేవు: ఇలాంటి వాటి మీద బాధ్యులకి ఉత్తరం రాసి నిజంగా పంపండి. ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు లేకుండా బడి చిరునామాతోనే వెళ్లాలి. పెద్దలకి ముందే చెప్పాలి. తప్పులున్న ఉత్తరం వెళ్లకూడదని ఈసారి పిల్లలే పట్టుబడతారు, అప్పటిదాకా విసుగ్గా చూసిన అక్షరదోషాల్ని వాళ్లే వెతికి పట్టుకుంటారు. జవాబు వస్తే అందరి ముందూ చదివి, అందులో మీరడిగినదానికి సమాధానం ఉందో లేదో పంక్తి పంక్తీ చూడండి. మూడు వారాల్లో జవాబు రాకపోతే, గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం రాయించండి: సగం నిడివిలో, కోపం లేకుండా, మొదటి ఉత్తరం తేదీతో, అడిగింది మొదటి వాక్యంలోనే వచ్చేలా.